నేరేడు కింద ఖాళీ లేదు

"తాతా, మీ పెరట్ల నేరేడు చెట్టు తీపిచ్చినవు గదా, ఎంత తీసుకున్నరు? మా ఇంట్ల కొబ్బరిచెట్టు తీపిద్దామంటున్నడు మా నాయిన."

ఎంత తీసుకున్నరా? కూసో బిడ్డా, చెప్త. గా కుర్చీల కాదు, దాని కాలు ఇరిగింది. గీడ గద్దె మీద కూసో.

ఇగ అప్పట్ల గిట్లా లేకుండె. నేను మొజంజాహీ మార్కెట్ల ఐస్ గడ్డలు మోసేటోణ్ణి. గడ్డ కరగకుండ రంపపు పొట్టు కప్పేది. గా పొట్టు కోసం కట్టెకోత మిషన్ కాడికి పోతుంటి. చెట్లు కొట్టేటోళ్ళు గాడనే దోస్తులైన్రు. అప్పట్ల చెట్టు కొట్టేటోడే మనకు పైసలిచ్చి కట్టె తీస్కపోయేటోడు. ఇప్పుడేమో కట్టె వానికే ఇయ్యాలె, మీదికెళ్ళి వేలకు వేలు మనమే ఇయ్యాలె. ఏం జమానా వచ్చింది చెప్పు.

నేరేడు కట్టె చూడనీకి గట్టిగ ఉంటది గాని కొమ్మను నమ్మొద్దు. మొన్న ఎండాకాలం గాలిదుమారానికి పెద్దకొమ్మ మొదట్ల చీలింది. పడలే, ఏలాడుకుంట ఉన్నది. ఏడ? మన దర్జీ శీను ఉంటడు గదా, గోడవతల రేకుల రూమ్, సరిగ్గ దాని మీద. అప్పుడే వాని పెండ్లాం కాన్పై వచ్చింది. పిల్ల ఇంత, ఎలుక పిల్ల తీరు. నా ఇంట్లకొచ్చి ఉండున్రి అంటె వినలే. మిషన్లు ఏడ వెట్టాలె, గిరాకీ ఏడికొస్తది అన్నడు. ముసురు పట్టి కొమ్మకు బరువెక్కిందంటె ఇగ అంతే. శీను రోజు గోడ మీదికెళ్ళి తల వెట్టి, "తాతా, ఎప్పుడు తీపిస్తవు? నిద్ర పడ్తలేదు" అనేటోడు. నాకు పడ్తుండెనా మరి?

చెట్టు తీపియ్యనీకి మున్సిపాలిటీల పర్మిషన్ తెచ్చిన. ముందుగాల చాదర్‌ఘాట్ కెళ్ళి ఇద్దర్ని పిలిపిచ్చిన. పన్నెండు వేలన్నరు. నేను తొమ్మిదన్న. పదికి ఒప్పుకున్నరు. వాళ్ళ పద్ధతి ఎట్లుంటదంటె, ఒకడు మీదికెక్కుతడు, ఒకడు కింద ఉంటడు. కిందోడు అంత చూసుకోని "ఖాళీ!" అని ఒర్లితెనే పైనోడు కొమ్మకు తాడుగట్టి, కోసి, గోడకు ఇవతల మన పెరట్లకు ఇడుస్తడు.

కిందోడు "ఖాళీ!" అన్నడు.

పైనోడు, "ఏం ఖాళీరా? గోడ పక్కన అమ్మ కూసున్నది. లోపటికి పొమ్మను" అన్నడు.

కింద ఎవరున్నరు? నేను తలుపు కాడ కట్టె పట్టుకోని నిలవడ్డ. అంతే. "ఏ అమ్మరా? ఈ ఇంట్ల అమ్మ లేదు. మా ఆమె పోయి ఆరేండ్లాయె" అన్న. కిందోడు నవ్విండు. పైనోడు నవ్వలే. జరసేపటికి దిగొచ్చిండు, గోడ దిక్కు చూసిండు, చెప్పులేసుకున్నడు, పోయిండు. ఇంకోడు నెత్తి గోక్కుంట, "పెద్దాయనా, ఇంకో మూడు వేలిస్తె వేరే మనిషిని తోల్కొస్త" అన్నడు.

గప్పుడు నాకు సమజైంది. ఒంటిగ ఉన్న ముసలోణ్ణి భయపెట్టి రేటు పెంచుతున్నరు. నన్నా? ఐస్ గడ్డల బేరంల నన్ను మోసం జేసినోడు ఇంకా పుట్టలే. "నడువు" అన్న.

తర్వాత ఆబిడ్స్‌ల ఒక కంపెనీ ఉన్నదంటె గాడికి పోయిన. బట్టల దుకాణం మీద మేడల. వాళ్ళకు టోపీలు, బెల్టులు, అంత దర్జాగుంటది. కాగితమిచ్చిన్రు, ముప్పై ఐదు వేలు. సూపర్‌వైజర్ పోరడు, "సంతకం వెట్టు పెద్దాయనా" అంటడు. ఆగు బిడ్డా అన్న. నేను పగలు ఐస్ మోసి రాత్రి బడిల అక్షరాలు దిద్దినోణ్ణి, నాకు జల్ది చదవరాదు గాని చదవకుండ సంతకం వెట్టుడు గూడ రాదు. ఒక్కొక్క అక్షరం కూడవెట్టుకుంట చదివిన. ఆ పోరడు నిలవడ్డడు, చాయ్ తాగిండు, మల్ల నిలవడ్డడు.

ఏం చెప్తున్న? ఆఁ. సంతకమైనంక మా ఇంటికొచ్చిన్రు, వాళ్ళ మనిషి చెట్టు మీదికెక్కిండు. టోపీల వైరుంటది, దాంట్లకెళ్ళి మాట్లాడుతడు. "సార్, నీచే ఔరత్ బైఠీ హై" అన్నడు. కింద ఆడమనిషి కూసున్నదని.

సూపర్‌వైజర్ పెరడంత తిరిగిండు. "ఫోన్ల ఫోటో తీసి పంపురా" అన్నడు. పంపిండు. నేను గూడ చూసిన. ఫోటోల నా బకీట్ ఉన్నది, చీపురున్నది, పాచి పట్టిన గోడ ఉన్నది. మనిషి లేదు. "చూస్కో, ఎవరు లేరు" అన్నడు సూపర్‌వైజర్. పైనోడు ఏమన్నడో ఎరుకనా? "ఫోటోల లేదు సార్. నేను గూడ చూసిన. కిందికి చూస్తె ఉన్నది."

సూపర్‌వైజర్ పోరడు గొడవ వెట్టలే. ఎక్కినోడు ఖాళీ అనకపోతె కొయ్యొద్దని మా కంపెనీ రూల్ అన్నడు. కాగితం నా చేతులకెళ్ళి తీసుకోని మడిచి జేబుల వెట్టుకున్నడు. పైసలు ఎక్కువ అడగలే బిడ్డా. గదే నాకు భయం పుట్టిచ్చింది. ఇంకో పదివేలు అడిగుంటె ధైర్యంగ ఉంటుండె.

మొగులు కమ్మింది. కొమ్మ జర జర దిగుతనే ఉన్నది. ఒకనాడు రేకు సొట్ట వడ్డది. శీను పెండ్లాం గోడవతల ఏడుస్తుంటె ఇనవడ్డది. ఇగ ఆగొద్దనుకున్న.

నాంపల్లి స్టేషన్ దిక్కు యాదగిరి అని ఉంటడు, తాటిచెట్లు ఎక్కిన ఖాందాన్. బామ్మర్దిని ఎంటవెట్టుకోని వచ్చిండు. పద్దెనిమిది వేలన్నడు. ముందట జరిగింది వానికి ఒక్క ముక్క చెప్పలే. పెరడు నేనే ఊడ్చిన. శీను వాళ్ళను ఎదురింట్ల కూసోవెట్టిన. గేటుకు తాళమేసిన. ఆనాడు మొగులు జర ఇడిసింది. పొద్దు వాలుతుంది, ఎండ ఏటవాలుగ గోడ మీద పడ్తుంది.

యాదగిరి ఎక్కిండు. బామ్మర్ది "ఖాళీ!" అన్నడు.

నేను మీదికి చూడలే. యాదగిరి శానా మర్యాదగ, "పెద్దమ్మా, జర లోపటికి పో. కొమ్మ పడ్తది" అన్నడు. మల్ల అన్నడు. మల్ల జర గట్టిగ అన్నడు. ఆఖరుకు, "తాతా, ఈమెకు చెవుడా?" అన్నడు.

బిడ్డా, మా ఇంట్ల చెవుడు ఒక్కామెకే ఉండె.

మా అక్క రాజమ్మ. నువ్వు పుట్టకముందే పోయింది, నీకు తెల్వదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు చెవులు పోయినయి. మా అమ్మ పోయినంక నన్ను సాదింది ఆమెనే. సేట్ల కాడికెళ్ళి చింతపండు బస్తా తెచ్చుకోని, గా గోడ పక్కన చాట ముంగట వెట్టుకోని కూసోని, రాయితోని కొట్టి గింజలు తీసేది. కూలి ఎంతనుకున్నవు? పొద్దంత కొడ్తె అణాలు. ఆ అణాలతోనే నేను పెద్దగైన.

"ఏం జేస్తుందిరా?" అన్న.

"తల ఒంచుకోని రాయితోని ఏదో కొడ్తుంది తాతా. గింజలు తీస్తుంది. సప్పుడైతె వస్తలేదు."

ఆమెను ముట్టుకుంటె ఉలిక్కిపడేది. అందుకే ఇంట్ల మేం ఒకటి చేస్తుంటిమి. ఎండ ఎన్కనుండేటట్టు నిలవడి, మా నీడ ఆమె చేతుల మీద పడేటట్టు చేసేది. నీడ చూసి తలెత్తేది. గంతే.

నేను పెరట్లకు దిగిన. "తాతా, పాగలైనవా! కొమ్మ నీ నెత్తి మీదనే ఉన్నది!" అని ఒర్లిండు యాదగిరి. బామ్మర్ది పట్టుకోనీకి వచ్చిండు, కట్టె చూపిచ్చిన, ఆగిపోయిండు.

"నా నీడ ఏడ పడ్తుందో చెప్పు" అన్న.

"...ఎడమకు. ఇంకా. జర ముంగటికి. ఆగు తాతా, ఆగు. చేతుల మీద పడ్డది."

నాకేం కనవడలే బిడ్డా. పాచి పట్టిన గోడ, దాని మీద చీమల బారు. నా నీడ నడుమ ఇరిగి సగం గోడెక్కింది. మీద కొమ్మ కిర్రుమంటుంది.

"చేతులాగినయి" అన్నడు. ఇంకా జరసేపటికి, "తలెత్తింది. నీ దిక్కే చూస్తుంది."

ఆమె మొఖం ఏడుంటదో అంత ఎత్తుల చూసిన. చెయ్యితోని ఇంటి దిక్కు చూపిచ్చి, లోపటికి దా అక్కా అని సైగ చేసిన. ఎన్నేండ్లాయెనో ఆ సైగ చెయ్యక, చెయ్యి మరువలే.

"లేస్తుంది తాతా. చాట చంకల వెట్టుకున్నది. నీ పక్కకెళ్ళే వస్తుంది, జర జరుగు."

జరిగిన. తొవ్వ ఇచ్చిన. చింతపండు వాసనొచ్చిందా అని అడగకు. రాలే. ఏం రాలే. ఉత్తగ జరిగిన.

"గడప దాటింది" అన్నడు యాదగిరి. బామ్మర్ది అనలే ఈసారి, వాడే మెల్లగ అన్నడు, "ఖాళీ" అని. నేను ఇట్ల గడపెక్కిన్నో లేదో, అట్ల కొమ్మ వచ్చి నేను నిలవడ్డ జాగల పడ్డది. గోడ పెచ్చు లేచింది. శీను రేకుకు ఏం గాలే. పిల్ల గాడ ఎదురింట్ల నిద్రల ఉన్నదట, లేవనే లేదట.

తెల్లారి వచ్చి మిగిలిన చెట్టంత మొదలుదాక తీసిండు. పద్దెనిమిది వేలిచ్చిన. ఒక్క రూపాయి బేరమాడలే. నా జిందగీల గదే మొదటిసారి.

మీ నాయినకు చెప్పు, కొబ్బరిచెట్టుకు అంత కాదు, నాలుగైదు వేల్ల అయితది. ఎక్కువ అడిగితె ఫికర్ జెయ్యకు, అడగనియ్యి. అడిగేటోడు మంచోడే. నీకు మంచి జరగాలె బిడ్డా, నీ ఇల్లు సల్లగుండాలె, పో, పొద్దువోతుంది. ఆఁ? తలుపా? గట్లనే ఉండనియ్యి, వెయ్యకు. అక్క లోపటికి పోయిందని యాదగిరి చెప్పిండు. మల్ల బయటికి వచ్చిందా అంటె, ఎవరన్న మీదికెక్కి చూసి చెప్పాలె. ఎక్కనీకి ఇగ చెట్టేది...