కాదని నువ్వే చూపియ్యి

ఇచ్చోడ రోడ్డు మీద శంకరవ్వ చాయ్ హోటల్ల పౌలు కూసున్న బల్ల కింద ఒక గోనెసంచి ఉన్నది. సంచి నిండ ఎంటికలు. ఆడోళ్లు తల దువ్వుకున్నంక ఉండ చుట్టి చూరు సందుల దాస్తరే, గవి. ఊరూరు తిరిగి గా ఎంటికలు తీసుకోని బదులుకు స్టీలు గిన్నెలిచ్చుడు పౌలు పని; మిగిలిన గిన్నెలు సుత సంచి అడుగునే ఉన్నయ్. శ్రీరాంపూర్ బొగ్గుబాయిల కాంట్రాక్టు పని పోయినంక రెండేండ్ల సంది గిదే బతుకు. మొన్న మంగళారం దాక గా సంచిని చూసి ఎవలూ భయపడలే.

బస్సుకింక అర్ధగంట ఉన్నది. ఎదురుంగ ముసలి రాయమల్లు చాయ్ గిలాస పట్టుకోని మొదలుపెట్టిండు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదుర అరుణ్. మంగళారం నాడు గా పిల్లల దొంగను పట్టింది నేనే. గంతే. పట్టిన, పోలీసోళ్లకిచ్చిన, ఇంటికొచ్చి బువ్వ తిన్న."

పౌలు గిలాస కింద పెట్టిండు. మంగళారం అవతలి ఊర్ల "పిల్లల దొంగ" అని ఎవడో ఒర్లితె పత్తి చేన్లకెల్లి ఉరికింది తనే. సంచి మూతికాడ కోసిన జడ ఒకటి వేలాడుతుంటె, లోపల పిల్ల తలకాయ ఉన్నదనుకున్నరు. ఎన్క రాళ్లొచ్చినయ్. వీపు ఇంక కమిలే ఉన్నది. కానీ తనను ఎవడూ పట్టలే. రాయమల్లుది అబద్ధమని ఈ హోటల్ల తెలిసింది తనొక్కనికే, నోరు తెరవరానిది కూడ తనే.

"సంచి ఎంతుండె మామా?" పక్కకున్న పోరడు అరుణ్ ఫోన్లకెల్లి తల ఎత్తకుంటనే అడిగిండు.

"ఎంతేందిరా, గీ హోటలంత! ఇప్పి చూస్తె లోపల ఏడుగురు పిల్లలు. నన్ను జూసి 'తాతా' అని ఏడ్చిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? దొంగ ఉరికి లారీ ఎక్కిండు. నేను నడుసుకుంటనే పోయి లారీని దాటేసిన, దాటేసి రోడ్డుకు అడ్డం పండుకున్న. ఆగిందా? ఆగలే. నా మీదికెల్లే పోయింది. టైర్లు పగిలినయ్, నాకేం గాలే."

"ఎన్ని టైర్లు?" పొయ్యికాడికెల్లి శంకరవ్వ అడిగింది.

"పది. పైన కట్టిన స్టెప్నీ సుత."

అందరు నవ్విండ్రు. పౌలు సుత నవ్విండు, జర ఆలిశ్యంగ.

"కోర్టుకు పోతిమి. లాయరు లేసి 'రాయమల్లు గారూ, వీడు దొంగ అని సాక్ష్యమేది?' అన్నడు. నేనన్న, 'సార్, నేను చూపిచ్చుడేంది? దొంగ కాదని వాడే చూపియ్యాలె. చూపియ్యకుంటె దొంగనే.' జడ్జి సారు లేసి తన కుర్సీ నాకు ఇచ్చిండు. గంతలనే ఢిల్లీకెల్లి ఫోను. 'రాయమల్లూ, గిది మంచిగున్నది, దేశమంతట పెడ్తం' అని. వచ్చే నెల సంది గదే కానూను!"

ఆటో నడిపే వెంకటేశ్‌కు గిది మింగుడు పడలే. "గట్లెట్లుంటది కాకా? తప్పు చేసిండని అన్నోడే గద రుజువు చెయ్యాలె. టీవీల రోజు గదే కొట్లాట."

"టీవీల మాట్లాడెటోళ్ల పిల్లలు పోతె తెలుస్తది. నీ బిడ్డ బడికెల్లి ఇంకొచ్చిందా?"

వెంకటేశ్ రోడ్డు దిక్కు చూసిండు. రాలే. "గదీ నిజమే" అన్నడు.

గా రెండు మాటలు పౌలుకు రాళ్ల కన్న గట్టిగ తాకినయ్. కాలితోటి సంచిని ఇంక లోపలికి నూకిండు. గదే తప్పైంది. మూతి జారి నల్లగ ఒక కుచ్చు బయటపడ్డది.

"అరే, ఎంటికలు!" అరుణ్ లేసి ఫోన్ ఎత్తిండు. టక్కున ఫోటో కొట్టిండు.

"ఎవడివిరా నువ్వు?" వెంకటేశ్ కాలర్ పట్టిండు.

"గిన్నెలిస్తనన్నా... ఎంటికలకు..."

"పిల్లల దొంగవు కాదని చూపియ్యి!"

పౌలు జేబులకెల్లి ఆధార్ కార్డు తీసిండు. దాంట్ల పేరున్నది, ఊరున్నది. దొంగ కాదని ఎక్కడ సుత లేదు.

"మామా, నువ్వు పట్టినోడు వీడేనా?" అరుణ్ అడిగిండు.

రాయమల్లు మొదటిసారి పౌలు మొఖం చూసిండు. అందరు తన నోరే చూస్తున్నరు. "గీడు... గా దొంగ తమ్ముడు. మొఖం కలుస్తున్నది."

బస్సుకోసం నిలబడ్డోళ్లు సుత దగ్గరికొచ్చిండ్రు. ఎవడో రాయి ఏరుకున్నడు.

శంకరవ్వ గరిటె పట్టుకోనే నడుమల జొచ్చింది. "ఆగుండ్రి. రాయమల్లూ, పోయిన నెల ఐలవ్వ మేకపోతు పోయింది గద. ఎత్కపోయింది నువ్వే."

"నేనా! తౌబ తౌబ!"

"కాదని నువ్వే చూపియ్యి."

"ఎట్ల చూపియ్యాలె? కడుపు కోసుకోని చూపియ్యాల్నా? నువ్వు చూసినవా? ఎవడు చూసిండు? చూసినోణ్ణి నా ముంగట నిలబెట్టు!"

"గా లాయరు సుత గదే అడిగిండంటివి."

రాయమల్లు లేవబోతె శంకరవ్వ గరిటె అడ్డం పెట్టింది.

"మంగళారం పొద్దంత కాలు బెణికిందని గీ బల్ల మీదనే పండుకుంటివి. నూనె రాసింది నేను. లారీని ఎప్పుడు దాటినవ్?"

వెంకటేశ్ చెయ్యి కాలర్ మీదికెల్లి జారింది. రాయమల్లు ఖాళీ గిలాస ఎత్తి తాగిండు. రాయి ఏరుకున్నోడు దాన్ని ఎక్కడ పెట్టాల్నో తెల్వక చేతులనే పట్టుకున్నడు.

శంకరవ్వ రేకుల సందుల చెయ్యిపెట్టి తెల్ల ఎంటికల ఉండ తీసి పౌలు ముంగట పెట్టింది. "ఏమయ్యా, గీటికేమిస్తవ్?"

పౌలు సంచి అడుగుకెల్లి ఒక్క గిన్నె ఇచ్చేకాడ రెండిచ్చిండు.

"మూతల్లేవా?" అన్నది.

ఇచ్చిండు. ఇచ్చి అరుణ్ దిక్కు తిరిగిండు. "తమ్మీ, గా ఫోటో తీసేసినవా?"

"తీసేసిన." అరుణ్ తల దించిండు. "గ్రూపుల పెట్టినంక."

బస్సొచ్చి ఆగింది. పౌలు సంచి భుజానేసుకోని మెట్టుకాడికి పోయి లోపలికి చూసిండు. సీట్లల్ల అందరు ఫోన్లు చూసుకుంట కూసున్నరు. ఒకామె ఫోన్ పక్కామెకు చూపిస్తున్నది.

పౌలు కాలు ఎన్కకు తీసిండు. వచ్చి పొయ్యి పక్కన, శంకరవ్వకు జర దగ్గరగ, కూసున్నడు.