కాపలావాడు తలుపు తీశాడు

మధ్యాహ్నం మూడు గంటలు. రెండో అంతస్తులో వంటింటి కిటికీ దగ్గర ప్రూఫులు దిద్దే అక్కా, పొద్దుటి డ్యూటీ దిగి తలంటుకుని వచ్చిన బస్సు కండక్టరు చెల్లెలూ.

"ఇది చదువు. గట్టిగా చదవకు."

"మెల్లిగా చదవడం నాకెక్కడ వచ్చక్కా? పొద్దున్నించీ బస్సులో అరిచి అరిచి..."

"నవ్వులాట కాదే. ముందు చదువు."

"సరే, ఇటివ్వు ఫోను. 'కాపలావాడు తలుపు తీశాడు.' అంతేనా? ఇందులో రహస్యం ఏముంది?"

"ఆ కాపలావాడు నేనే."

"నువ్వా?"

"ఆటలో. చెప్పాను కదా, పన్నెండుమందిమి గ్రూపులో ఒకే కథ రాసుకుంటాం, తలో పాత్రా పట్టుకుని. కోట కథ. నాది గుమ్మం దగ్గర కాపలావాడు. పిచ్చుక అని ఒకావిడ ఉంది, ఆవిడది వంటమనిషి. ఈ ముక్క ఆవిడ రాసింది."

"రాస్తే రాసింది."

"రాయకూడదు! ఎవరి మనిషిని వాళ్ళే నడపాలి. ఆవిడ వచ్చి తలుపు తట్టచ్చు, అంతవరకే. తీయడమా మానడమా నేను రాయాలి. అది మర్యాద."

"ఓస్, పక్కవాడి సీట్లో తువ్వాలు వేసేసినట్టు. దానికింత కంగారా?"

"మూడుసార్లు రాసింది. మూడుసార్లూ చెరిపేశాను. అందరిముందూ చీవాట్లు పెట్టాను. వాక్యాలు తెగిపోతున్నాయి, వంటమనిషి వంటిల్లు వదిలి బురుజెందుకు ఎక్కింది, ముందు అది చెప్పండి అని. మూడోసారికి పదిరోజులు గ్రూపులోంచి బయట కూర్చోబెట్టాను."

"నీ ప్రూఫుల బుద్ధి ఎక్కడికి పోతుంది!"

"అసలు ఆ మర్యాదలన్నీ నాకు నేర్పింది ఆవిడే. సొంత సంగతులు బ్రాకెట్లో రాయాలనీ, ఎదుటివాళ్ళు రాసేదాకా ఆగాలనీ, చెప్పకుండా మాయమవకూడదనీ. రెండేళ్ళలో ఒక్కసారి తప్పు లేదు. అలాంటి మనిషి మూడుసార్లు తప్పుతుందా? అప్పుడు నాకు తట్టలేదే. ఇవాళ గడువు అయిపోయింది, చెరిపినవి ఓసారి చూద్దామని తీశాను. అడ్మిన్‌ని కదా, నాకు కనిపిస్తాయి. రెండోది చదువు."

"'వంటమనిషి బురుజులో ఉంది. బయట గడియ పడింది. తాళం వేస్తే ఇరుగుపొరుగు అడుగుతారని గడియే వేస్తాడు. కాపలావాడు తలుపు తీశాడు.' అక్కా... కోటలో ఇరుగుపొరుగేంటి?"

"నేనూ అదే రాశాను. కోటలో ఇరుగుపొరుగు ఉండరండీ, సరిచూసుకోండి అని. దిద్దాను చెల్లీ. అక్కడ మనిషి కేక పెడుతుంటే నేను కూర్చుని దిద్దాను."

"ఉండుండు. కథే అయుండచ్చు. నువ్వు ఊరికే..."

"మూడోది చదువు."

"'అరిస్తే పిచ్చిదంటాడు. ముందే అందరికీ చెప్పి ఉంచాడు. ఫోనులో సిమ్ము తీసేశాడు. ఈ ఆట మాత్రం ఆడనిస్తాడు, మానేస్తే గుంపంతా ఏమైందని అడుగుతుందని. కాపలావాడు తలుపు తీశాడు. కాపలావాడు తలుపు తీశాడు.' అమ్మో!"

"మెల్లిగా!"

"మరి ఇంత ఉంటే బ్రాకెట్లో రాసి చావచ్చు కదా, నిజమేనండీ బాబూ అని!"

"బ్రాకెట్లో రాస్తే నిజమని ఒప్పుకున్నట్టే. కథలో రాస్తే, వాడు పట్టుకున్నా, కథేగా అనచ్చు. అందుకని అలా రాసింది. దాన్నేమో నేను మర్యాద తప్పిందని... అసలు నాకూ అంత పట్టింపు లేదే. మూడోది వచ్చిన సాయంత్రం దివాన్ గారు మెసేజి పెట్టారు, 'ఆట అందం పాడవుతోందమ్మా, తీసేయండి' అని. పెద్దమనిషి చెప్పారు కదా అని తీసేశాను. పదిరోజుల శిక్ష కూడా ఆయన సలహానే."

"ఆయనెవరు?"

"కథలో దివాను పాత్ర ఆయనది. గ్రూపులో అందరికంటే మర్యాదస్తుడు. సరే, ఇప్పుడేం చెయ్యను?"

"పోలీసులకి ఫోను చెయ్యి!"

"ఎక్కడని చెప్పను? ఆవిడ పేరు తెలీదు, ఇల్లు తెలీదు. అసలు పేర్లు అడగకూడదు, ఇళ్ళు అడగకూడదు. నేనే పెట్టాను ఆ నియమం."

"మీ మర్యాదలు మండిపోనూ! అసలీ పన్నెండుమందీ నీకెక్కడ దొరికారు?"

"కింద గేటు దగ్గర బోర్డుమీద కాగితం అంటించాను, రాసే సరదా ఉన్నవాళ్ళు చేరండి అని."

"అంటే... అందరూ ఈ రెండు బ్లాకులవాళ్ళే?"

"అవును. ఎనభై ఇళ్ళు. కాగితంమీద నా ఇంటి నంబరు కూడా వేశాను. అంటే నేనెవరో, ఎక్కడుంటానో ఆవిడకి తెలుసు. అందుకే పన్నెండుమందిలో నా కాపలావాడినే..."

"ఏడవకు. ఇప్పుడు ఏడిస్తే లాభం లేదు. ఆవిడని లోపలికి తీసుకో, ఆటలోనే అడుగు."

"తీసుకున్నాను, నువ్వు రాకముందే. చూడు, పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది."

"రాయి మరి!"

"ఇదిగో... 'కాపలావాడు బురుజు కింద నిలబడి తలెత్తాడు. అమ్మా, నీ కిటికీలోంచి ఏం కనిపిస్తోంది, అని అడిగాడు.' చాలా?"

"చాలు, పంపు. వచ్చిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"రాస్తోంది... ఆపేసింది. మళ్ళీ రాస్తోంది. వచ్చింది! 'వంటమనిషికి ఒక కిటికీ కనిపిస్తోంది. కాస్త కింద, ఎదురుగా. కిటికీలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామె తలకి ఎర్ర తువ్వాలు చుట్టుకుంది.'"

"అక్కా, ఇది... నా తలకి..."

"పైకి చూడకు! గబుక్కున చూడకు. తువ్వాలు విప్పి దులుపుతున్నట్టు దులుపు. అప్పుడు చూడు."

"ఎదురు బ్లాకు. మూడో అంతస్తు, చివరి ఇల్లు. తెర ఒక మూల పైకి లేచి ఉంది. వేళ్ళు కనిపిస్తున్నాయక్కా. నాలుగు వేళ్ళు."

"ఆ ఇంటాయన... మొన్న గేటు దగ్గర కనిపించాడు. మా ఆవిడ బయటికి రావడం లేదమ్మా, మనసు బాగోలేదు పాపం, అన్నాడు. పక్కకి తప్పుకుని, గేటు పట్టుకుని, మీరు ముందు వెళ్ళండమ్మా అని నిలబడ్డాడు. ఎంత మంచివాడో అనుకున్నాను!"

"ఇటివ్వు ఫోను. కాదు, నా ఫోను ఎక్కడ? హలో, పోలీసు స్టేషనా? మా ఎదురు బ్లాకులో ఒకావిడని ఇంట్లో పెట్టి బయట గడియ వేశారండీ... మూడో అంతస్తు, చివరిది... కాదండీ, తమాషా కాదు, నేను బస్సు కండక్టర్ని, తమాషాలకి నాకు తీరికెక్కడిది... ఆఁ, త్వరగా రండి. వస్తారట అక్కా. ఇరవై నిమిషాలు పడుతుందట."

"ఇరవయ్యా!"

"మళ్ళీ ఏదో వచ్చింది, చూడు."

"పిచ్చుక నించే. 'దివాను గుర్రం దిగాడు.'"

"అంటే?"

"ఉండు. 'దివాను గుర్రాన్ని కోటగుమ్మం దగ్గర ఆపి తలెత్తి చూశాడు. వంటమనిషి మెట్లవైపు రాలేదు. కాపలావాడి మెట్లవైపు వెళ్ళాడు.'"

"కింద ఆ స్కూటరు ఎవరిదక్కా?"

"ఆయనదే. మూడో అంతస్తాయనది. అయ్యో... దివాన్ గారూ ఆయనా ఒక్కరే. గ్రూపులో ఉన్నాడు చెల్లీ. మనం రాసుకున్నదంతా చదువుతూనే వచ్చాడు. నేనే పిలిచినట్టయింది."

"తలుపు గడియ వేశావా?"

"వేశాను. ఇదుగో, ఆయన నించి వచ్చింది. బ్రాకెట్లో."

"ఏమని?"

"'(కాపలావాడి తలుపు తట్టడానికి అనుమతి కోరుతున్నాను.)'"

"ఛీ! ఇప్పుడూ మర్యాదేనా?"

"ఆటలో ఎప్పుడూ అలాగే అడుగుతాడు. ఒక్కసారి కూడా అడక్కుండా తట్టలేదు."

"బెల్లు! అక్కా, బెల్లు కొడుతున్నాడు. తీయకు. పోలీసులు వచ్చేదాకా ఊపిరి కూడా తీయకు."

"తీయకపోతే తిరిగి అక్కడికే పోతాడు. ఇరవై నిమిషాలు ఆవిడతో ఉంటాడు. నువ్వు వంటింటి వెనక మెట్లు దిగు."

"నేనా?"

"ఎదురు బ్లాకు, మూడో అంతస్తు. గడియే, తాళం లేదు. నడిచే బస్సులోంచి దిగేదానివి, నిమిషంలో పోతావు."

"మరి నువ్వు?"

"కూర్చోబెడతాను. మర్యాదంటే ప్రాణం ఆయనకి. మర్యాద చేస్తుంటే మధ్యలో లేచిపోడు."

"నీకు భయం వేయట్లేదూ?"

"వేస్తోందే. ఇంక మాటలు పెట్టకు. వెళ్ళు! ఆగు, ఇది రాసేశాక వెళ్ళు."

"ఏం రాస్తున్నావు?"

"'కాపలావాడు తలుపు తీశాడు.' ఈసారి నేనే రాశాను. పరిగెత్తు."

"పోతున్నానక్కా!"

"వస్తున్నానండీ! వస్తున్నా. ఓ, మీరా! రండి రండి. చెప్పులు ఫరవాలేదండీ."

"లేదమ్మా, బయటే విడుస్తాను. మీకు పనివేళ ఇబ్బంది పెట్టడం లేదు కదా?"

"అబ్బే. కూర్చోండి. ఆ కుర్చీ ఊగుతుంది, ఇందులో కూర్చోండి. మంచినీళ్ళు ఇవ్వనా?"

"వద్దమ్మా. రెండు మాటలు చెప్పి పోతాను. పిచ్చుక గారు ఏదో రాస్తున్నారు, మీరు మళ్ళీ చనువిచ్చారు. ఆవిడకి ఒంట్లో బాగోలేదు. కథకీ నిజానికీ తేడా తెలియదు. మనబోటివాళ్ళు జవాబివ్వకపోవడమే మర్యాద."

"నిజమేనండీ. మీరు చెబితే కానీ నాకు తెలియదు. టీ పెడతాను, తాగి వెళ్ళాలి మీరు."

"టీ వద్దు. మీ చేతులు వణుకుతున్నాయమ్మా."

"పొద్దున్నించీ ప్రూఫులు దిద్దుతున్నాను కదండీ. చక్కెర ఎంత వేయమంటారు?"

"మీ చెల్లెలుగారు ఇందాక కిటికీలో కనిపించారు. లేరా?"

"తలారబెట్టుకుంటోంది. ఒక చెంచాడా, రెండా?"

"ఎక్కడ ఆరబెట్టుకుంటోందమ్మా?"

"మీరు లేవకండి. మొదటిసారి వచ్చినవాళ్ళని ఊరికే పంపితే బాగుండదు, కూర్చోండి, దయచేసి... ఫోను మోగింది, చూశారా. మీదీ మోగింది. గ్రూపులో ఏదో వచ్చినట్టుంది."

"'వంటమనిషి బయటికి వచ్చింది.' ఏమిటిది? ఎవరు రాయించారమ్మా ఇది? మీరేనా?"

"ఎంత మాటండీ దివాన్ గారూ! ఎవరి మనిషిని వాళ్ళే నడపాలి కదా. ఆవిడే రాసుకుంది."