జవాబులు తెలిసిన పిల్లలు, నీళ్లు లేని బడి: నిమియా ఒవెలార్ గారి సేవాప్రస్థానం

1988వ సంవత్సరం మార్చి ఏడవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి నిమియా ఒవెలార్ గారు మన నర్సింగ్ పాఠశాలలో సహాయ అధ్యాపకురాలిగా ప్రవేశించారు. అప్పటికి వారి వయస్సు ఇరవై నాలుగు. స్పానిష్‌లో పాఠం చెప్పి, పల్లెవాసుల మాతృభాష గ్వారానీలో తల్లులను నవ్వించి, ఆ నవ్వులోనే వారిచేత బిడ్డల గోళ్లు కత్తిరింపజేయగల నేర్పుతో మన గ్వాయిరా ప్రాంతపు పల్లెబడుల గడప తొక్కిన ఆ యువతి, ముప్పై ఆరేళ్ల అవిరామ సేవానంతరం, ఈ జూలై నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

పేలు, నులిపురుగులు, పుచ్చిన పళ్లు: పెద్ద పరిశోధకులు పెదవి విరిచే ఈ చిన్న బాధలనే వారు తమ శాస్త్రంగా స్వీకరించారు. తొలి ఏడాది ఒక బడిలో పిల్లల అరచేతులకు ఉరుకూ గింజల ఎర్రపొడి రాసి, వారిచేతనే అందరికీ చిపా రొట్టెలు పంచిపెట్టించారట. తిన్నవారందరి మూతులూ ఎర్రబడ్డాయి. ప్రధానోపాధ్యాయుడు మాత్రం గంభీరంగా మీసం దువ్వుకుంటూ, "పిల్లలూ, ఇందులో నీతి ఏమిటి?" అని అడగబోయారు.

"ముందు మీ మీసం చూసుకోండి సార్," అన్నారట నిమియా గారు. "నలభై మంది చేతులు అక్కడే ఉన్నాయి!"

ఇంతవరకు రాయడం సులువైంది. ఇక 2003వ సంవత్సరం గురించి రాయాలి. ఈ వ్యాసం రాస్తున్న సెల్వా రికెల్మె అప్పుడు పరిశోధన విభాగానికి అధిపతి. "నేను" అని రాయడానికి ధైర్యం చాలక, ఆమె తనను తాను పరాయి మనిషిలా పేరు పెట్టి పిలుచుకుంటోంది.

ఆ ఏడాది నాలుగు బడులలో, ఆరవ తరగతి విద్యార్థులకు చేతుల పరిశుభ్రతపై వారం రోజుల బోధన జరిగింది. రూపకల్పన సెల్వాది, బోధన నిమియా గారిది. బోధనకు ముందు ఇరవైకి తొమ్మిదిగా ఉన్న సగటు మార్కులు, తరువాత పదిహేడుకు చేరాయి. రాజధానిలో జరగబోయే సదస్సుకు వ్యాసం సిద్ధమైంది. అయితే నిమియా గారు, ఎవరూ అడగకుండానే, ఐదు వారాల తరువాత ఆ బడులలో ఒకదానికి మళ్లీ వెళ్లి, మూడు రోజులు ఆవరణలో కూర్చున్నారు. ఫలహారం వేళ చేతులు కడుక్కున్న పిల్లవాడు ఒక్కడూ కనబడలేదు. మార్లెనె అనే విద్యార్థినికి పరీక్షలో ఇరవైకి ఇరవై వచ్చాయి. ఆమెను పిలిచి అడిగారు.

"తినేముందు ఏం చేయాలే, చెప్పు?"

"సబ్బుతో ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దుకోవాలి టీచర్."

"మరి రుద్దుకోలేదేం?"

"నీళ్లెక్కడివి టీచర్? పంపు విరిగి నాలుగు నెలలైంది. మీరు నీళ్ల సంగతి అడగలేదుగా!"

నిమియా గారు ఆ విషయాన్ని ఒక పుటలో రాసి, వ్యాసానికి జతచేయమని సెల్వా బల్లమీద పెట్టారు.

"ప్రశ్నావళిలో లేనిది ఫలితాల్లోకి ఎలా వస్తుంది?" అంది సెల్వా.

"పిల్లల చేతుల్లోకి వచ్చింది కదమ్మా, మురికి! అదీ ప్రశ్నావళిలో లేదు."

"సదస్సు పది రోజుల్లో ఉంది. ఇప్పుడు నన్ను నవ్వులపాలు చేస్తావా?"

సెల్వా ఆ పుటను తీసివేసింది. వ్యాసానికి బహుమతి వచ్చింది. అంతటితో ఆగక, నిమియా గారి చూపులను నిత్యం ఎదుర్కోలేక, "క్షేత్ర సమన్వయం" అనే గౌరవప్రదమైన మాట చాటున వారిని మూడు బస్సులు మారితే తప్ప చేరలేని ఆరోగ్యకేంద్రానికి బదిలీ చేయించింది. అప్పుడు వారి చిన్నకూతురు నోర్మాకు ఏడేళ్లు. ఐదేళ్లపాటు ఆ బిడ్డ తల్లిని శని, ఆదివారాలలోనే చూసింది. నేడు నోర్మా గారు ఈ వీడ్కోలు సంచిక చదువుతారని సెల్వాకు తెలుసు.

మరుసటి ఏడాది ఆ బడిలో పదకొండు మంది పిల్లలకు కామెర్లు సోకాయి. మార్లెనె మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి, కోలుకుంది. ఆ బడి బహుమతి పొందిన వ్యాసంలో "శిక్షణ పూర్తయిన బడి"గా నమోదైనందువల్ల, మరమ్మతుల జాబితాలో దాని వంతు వెనక్కి పోయిందని సెల్వా ఒక నివేదికలో చదివింది. చదివి, సొరుగులో పెట్టి, తాళం వేసింది.

నిమియా గారు మాత్రం దూరాన ఉన్నా చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు చిల్లుపెట్టి, తాడుతో కింది కర్రకు కట్టి, ఆ కర్రను కాలితో నొక్కితే సీసా వంగి నీరు ధారకట్టేలా ఒక సాధనం చేసి తొమ్మిది బడుల గుమ్మాలలో వేలాడదీశారు. ముందు నీరు, తరువాత పాఠం. మార్కులు కాదు, తడిసిన చేతులు, జబ్బు లేని దినాలు: ఇదే వారి కొలమానం. దానితో వారు చేసి, 2008లో వెలువరించిన అధ్యయనమే నేడు మన విద్యార్థినులకు పాఠ్యభాగం. అందులో సెల్వా వ్యాసం ప్రస్తావన ఒకే వాక్యంలో ఉంది: "పూర్వ అధ్యయనం నీటి లభ్యతను పరిశీలించలేదు." నింద లేదు. అందుకే అది ఇన్నాళ్లూ ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఈ వ్యాసం రాయమని సంచిక సంఘం కోరినప్పుడు, సెల్వా మొదట అనారోగ్యం సాకు చెప్పింది. తరువాత సిగ్గుపడి నిమియా గారి ఇంటికి వెళ్లింది. వారు వసారాలో తెరెరె, అదే మన చల్లని ఆకుపానీయం, తాగుతున్నారు. ఇంటికి వచ్చినవారితో పంచుకునే ఆ గిన్నెను సెల్వాకు అందించలేదు.

"నిజం రాస్తాను నిమియా. నువ్వు ఒప్పుకుంటే."

"ఇరవై ఒక్కేళ్లు పట్టిందా అక్కా, ఈ నాలుగు మెట్లు ఎక్కడానికి?"

"పట్టింది. తప్పు నాదే. ఆ పిల్లల విషయంలోనూ, నీ పిల్ల విషయంలోనూ."

నిమియా గారు చన్నీళ్ల కూజాను దగ్గరకు లాక్కున్నారు.

"రాయి. కానీ నేను క్షమించేశానని మాత్రం రాయకు. ఇంకా ఆ పని చేయలేదు." తరువాత గిన్నె నింపి, ముందుకు జరిపి, "దాహంగా ఉన్నట్టున్నావు, తాగు," అన్నారు.

కనుక క్షమ లభించినదని ఈ వ్యాసం చెప్పదు. సహోద్యోగులారా, బంధుమిత్రులారా, వయసులో పెద్దదైనా సెల్వాకు నిమియా గారిని ఆశీర్వదించే అర్హత లేదు. అయితే కోరుకోవడానికి అర్హత అక్కరలేదు. వారు పూర్ణారోగ్యంతో, కంటినిండా నిద్రతో, వారంలోని ఏడు రోజులూ కూతుళ్ల మధ్యనే గడుపుతూ, చిరకాలం జీవింతురు గాక! ఎవరిని క్షమించాలో, ఎవరిని క్షమించకూడదో తొందర లేకుండా తేల్చుకునేంత సుదీర్ఘమైన ఆయుష్షు వారికి లభించు గాక!