చప్పుడుని వెనక్కి పంపిన అద్దం

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు టీచరమ్మా, కావాలంటే మా బామ్మర్దిని అడగండి," అన్నాడు అద్దాల మేస్త్రీ. పక్కనే కూర్చున్న బామ్మర్ది టీ ఊదుకుంటున్నాడు.

పోయిన వారం ధ్వని కంటే జోరుగా పోయే కొత్త విమానం ఊరి మీదుగా వెళ్ళింది. ఆ దెబ్బకి బడి కిటికీలన్నీ పగిలాయి. వాటి పని ఎవరికివ్వాలో తేల్చుకుందామని పెద్ద టీచరుగారు టీ కొట్టు దాకా వచ్చారు. ఆ పని దొరికితే మేస్త్రీకి ఏడాదంతా వెతుక్కునే బాధ ఉండదు.

"వీధంతా గాజు పెంకులే కదా, మందుల షాపుకి నేను బిగించిన అద్దం మాత్రం చెక్కు చెదరలేదు. ఎందుకంటారా? విమానం అల్లంత దూరాన ఉండగానే దాని చప్పుడు విన్నాను, ఒక్క పరుగున పోయి అద్దానికి వీపు ఆనించి నిలబడ్డాను. ధన్, ధన్ అని రెండు దెబ్బలు. కదిలితే ఒట్టు."

"రెండెందుకు?" అంది టీ కొట్టావిడ.

"విమానం ముక్కుదొకటి, తోకదొకటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ చప్పుడు నా అద్దానికి తగిలి, వచ్చిన దారినే పోయి, విమానాన్ని వెనక నుంచి గుద్దింది. పైలట్ ఉలిక్కిపడి కిందికి దింపేశాడు."

"అబ్బో," అన్నాడు ఆటో డ్రైవరు, నిజంగానే నోరు తెరిచి.

"అక్కడితో అయిపోయిందా? మర్నాడు ఆ విమానం నమూనా గీసిన ఇంజనీర్లంతా మా ఇంటికొచ్చారు. చప్పుడు తగ్గాలంటే ఏం చెయ్యాలి మేస్త్రీగారూ అని. ముక్కు సన్నగా, పొడుగ్గా లాగండి, గాలిని గుద్దకుండా చీల్చుకుపోవాలి అన్నాను. రాత్రికి రాత్రే లాగారు. ఎంత లాగారంటే, ముక్కు పక్క ఊరు చేరాక గానీ తోక ఇక్కడ బయల్దేరదు. ఎంత అందమో అమ్మా, చూస్తే కళ్ళు చెమరుస్తాయి."

పెద్ద టీచరుగారు నవ్వారు. ఆవిడకి మనిషి నచ్చాడు.

"చప్పుడు కంటే ముందు పోయే విమానం చప్పుడు మీకు ముందే ఎలా వినబడింది మేస్త్రీ? సరే, పని మీకే. గురువారం అది మళ్ళీ ఎగురుతుందట. పిల్లల్ని బయట కూర్చోబెడతాను. మీరు మాత్రం మీరు బిగించిన కిటికీకి వీపు ఆనించి నిలబడండి."

మేస్త్రీ గ్లాసు ఎత్తాడు. అందులో టీ లేదు.

"నిలబడేవాణ్ణేనమ్మా. గురువారమే మా బామ్మర్ది పెళ్ళి."

బామ్మర్ది అప్పుడు నోరు విప్పాడు.

"బావా, నా పెళ్ళికి మా పిల్లలిద్దర్నీ కూడా తీసుకురానా?"