మూడు ప్రశ్నల కిటికీ

(బస్సు డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులను తిరిగి అప్పగించే గది. శుక్రవారం, మధ్యాహ్నం మూడు దాటింది. కిటికీ లోపల ముప్పై ఆరేళ్ళ గుమస్తా ఒక్కతే ఉన్నది. బయట స్టూలు మీద, పదవీ విరమణ చేసి చాలాకాలమైన తూనికలు-కొలతల ఇన్‌స్పెక్టరు.)

"రాలేదంటే రాలేదండీ, ఇన్‌స్పెక్టరుగారూ. వస్తే నేను దాచుకుంటానా?"

"దాచుకున్నారని నేననలేదే! విచారించాను. విచారించడం నా హక్కు. నల్ల గొడుగు, చెక్క పిడి, పొడవు ముప్పై నాలుగు అంగుళాలు..."

"మూడో ఊచకి రాగి తీగ కట్టు. కంఠతా వచ్చేసిందండీ. పన్నెండో శుక్రవారం ఇది."

"పదకొండు. మధ్యలో ఒక శుక్రవారం మీరు సెలవులో ఉన్నారు."

"ఆ వారం మీరూ రాలేదా?"

"వచ్చాను. ఈ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు."

"మరి ఆయన్ని అడగకపోయారా?"

"క్యూ ఉంది."

"ఇక్కడా? ఈ కిటికీ దగ్గర క్యూ అనేది నేను పుట్టి ఎరగను."

"ఆ రోజు ఉంది. అదుగో, మీ బీరువా తలుపు మళ్ళీ తెరుచుకుంటోంది."

"అది అంతేనండీ. కాగితం మడిచి ఇరికిస్తే గానీ నిలవదు. ఉండండి... ఆఁ, పడింది."

"బల్ల మీద ఆ కాగితమేమిటి? నేను వచ్చినప్పటి నుంచీ దాన్ని అటూ ఇటూ జరుపుతున్నారు. సంతకానికి గీత ఉంది. సంతకం లేదు."

"తూకంరాళ్ళు పరీక్షించిన కళ్ళు కదా, ఏదీ వదలవు! ప్రమోషనండీ. హెడ్డాఫీసులో, రికార్డుల సెక్షనుకి సూపర్‌వైజరు. ఒప్పుకుంటున్నానని సంతకం చెయ్యాలి. నాలుగింటికి ప్యూను వచ్చి పట్టుకెళ్తాడు."

"శుభం. మరి మొహం అలా ఉందేం?"

"ఎలా ఉంది? మామూలుగానే ఉంది. అక్కకి సంతోషం, బావగారికి సంతోషం. చాలదూ?"

"నేను వాళ్ళను గురించి అడగలేదు. ఆ సెక్షను ఎలా ఉంటుంది?"

"నేల కింద గది. ఫైళ్ళు, ట్యూబులైటు, నేను. కిటికీ ఉండదు. అంతే."

"ఇక్కడ కిటికీ ఉంది."

"ఉండి? వచ్చేవాళ్ళెవరూ నా మొహం చూడరండీ, నా వెనకాల అర చూస్తారు. దొరికితే పట్టుకుని పోతారు, దొరక్కపోతే నన్ను తిట్టి పోతారు. పన్నెండేళ్ళు. మీరొక్కరే..."

"నేనేమిటి?"

"ఏం లేదు. మీరు కూర్చుంటారు. ఆ స్టూలు మీద ఎవరూ కూర్చోరు."

"మోకాళ్ళ నొప్పి. అందుకని కూర్చుంటాను."

"సరేలెండి."

"మేడమ్! మేడమ్, ఆ బల్ల మీద నీలం సంచీ నాదే. ఇలా ఇచ్చెయ్యండి, బస్సు కదిలిపోతోంది."

"ఇస్తాను సార్. లోపల ఏమున్నాయి?"

"అదేంటి మేడమ్, నా సంచీ అని చెప్తుంటే..."

"మూడు ప్రశ్నలు సార్, రూలు. లోపల ఏమున్నాయి, దాని మీద ఏ గుర్తుంది, చివరిసారి ఎక్కడ చూసుకున్నారు."

"లోపల... బట్టలు. బట్టలుంటాయి."

"బట్టలు లేవు సార్."

"అయితే పుస్తకాలు! ఇంట్లోవాళ్ళు సర్దారు, నాకేం తెలుస్తుంది? పోనీ ఆ పక్కన నల్లది? అదీ నాదిలాగే ఉంది."

"ముందు మీది ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుని రండి సార్. ఎక్కడికీ పోదు."

"ఏం మనుషులో! సంచీ అడిగితే పరీక్ష పెడతారు."

"చూశారా ఇన్‌స్పెక్టరుగారూ? అబద్ధాలకోరు కాదు పాపం. వస్తువు ముందు కనబడిందంటే చాలు, ఎవరికైనా అది తమదే అనిపిస్తుంది. అందుకే చూపించకముందు అడగాలి. చూపించాక అడిగి లాభం లేదు."

"మంచి పద్ధతి. మీ విషయంలో పాటించారా?"

"నా విషయమా? నేనేం పోగొట్టుకున్నానని?"

"ఆ సంగతి మీరే చెప్పాలి. కుట్టు నేర్చుకున్నారని ఒక శుక్రవారం చెప్పారు."

"నేర్చుకున్నాను. ఇప్పుడా మిషను మీద ఉతికిన బట్టలు పెట్టుకుంటున్నాను."

"ఆ తరవాత కంప్యూటరు కోర్సు."

"పక్కింటావిడ చేరుతోందని చేరాను. ఆవిడ పాసైంది."

"ఆ తరవాత, పిల్లలకు బొమ్మలు గీయడం."

"అది అక్క చూపించింది. చూడగానే ఇదే, ఇన్నాళ్ళూ దీనికోసమే ఆగాననిపించింది. ఇంటికెళ్ళాక... గదిలో నేనూ, రంగు పెన్సిళ్ళూ. గోడ అవతల ఎవరిదో రేడియో. మూత పెట్టేశాను. ఎందుకండీ ఇవన్నీ తవ్వుతారు?"

"తవ్వడం లేదు. లెక్క సరిచూస్తున్నాను. ఎవరో ఒకటి చూపించారు, మీరు నాదే అన్నారు. ఇంకొకరు ఇంకొకటి చూపించారు, అదీ మీదే అన్నారు. ఇందాకటి ఆ నీలం సంచీ పెద్దమనిషికీ మీకూ తేడా ఏమిటి?"

"అబ్బ! ఎంత మాటన్నారండీ!"

"మాట పొరపాటైతే చెప్పండి, వెనక్కి తీసుకుంటాను."

"...పొరపాటేం కాదులెండి."

"అయితే రిజిస్టరు ఇటు తిప్పండి. నేను అడుగుతాను, మీరు చెప్పండి. మొదటిది, లోపల ఏమున్నాయి?"

"ఊరుకోండి, ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"ఎవరున్నారు చూడడానికి?"

"అదీ నిజమే. లోపల... ఏమో. తెలీదు. దాటెయ్యండి."

"గుర్తు?"

"అదీ తెలీదు."

"చివరిసారి ఎక్కడ చూశారు?"

"ఎక్కడ చూశానూ... నవ్వరు కదా? ఒకావిడ ఇంట్లో. మూడో అంతస్తు. నాలుగేళ్ళ కిందట."

"చెప్పండి."

"సీటు కింద చిన్న డబ్బా దొరికిందండీ, దాంట్లో చెవి మిషను. తొమ్మిది రోజులు చూశాను, ఎవరూ రాలేదు. మూతకి లోపల ఆసుపత్రివాళ్ళ చీటీ, దాని మీద నంబరు. మధ్యాహ్నం కిటికీ మూసేసి ఆసుపత్రికి వెళ్ళాను. వాళ్ళు చిరునామా ఇవ్వడం కుదరదన్నారు. బతిమాలాను. రెండు బస్సులు మారాను. మెట్లెక్కి తలుపు కొడితే తియ్యరే! ఎలా తీస్తుంది, వినపడదుగా? పక్కింటివాళ్ళు తీయించారు. టీవీ ఎదురుగా కూర్చుని ఉంది. బొమ్మ మాత్రమే, శబ్దం లేదు. తొమ్మిది రోజులుగా అలాగేనట. మిషను పెట్టుకుని, 'ఎవరమ్మా నువ్వు?' అంది. పేరు చెప్పాను. నేను చెప్పిన పేరు మళ్ళీ పలికింది, ఇన్‌స్పెక్టరుగారూ. ఈ పన్నెండేళ్ళలో నా పేరు అడిగింది ఆవిడొక్కతే."

"తరవాత?"

"తరవాతేముంది! విధి వేళల్లో కిటికీ వదిలి వెళ్ళినందుకు మెమో. మళ్ళీ వెళ్ళలేదు ఎక్కడికీ."

"అంటే లోపల ఏమున్నదో తెలిసింది కదా? వస్తువు ఇక్కడ పెట్టుకుని కూర్చోవడం కాదు, మనిషిని వెతుక్కుంటూ పోవడం. సొరుగులో ఏముంది?"

"ఏ సొరుగులో?"

"మీరు ఆ ముక్క చెప్తూ రెండుసార్లు తాళం మీద చెయ్యి వేశారు."

"మీతో వేగలేమండీ! ఇదిగో. పెద్దాసుపత్రి వాళ్ళ ప్రకటన. ఊరూ పేరూ తెలియకుండా వచ్చి పడతారు చూడండి, స్పృహ లేనివాళ్ళు, మతి తప్పినవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళెవరో వెతికి పట్టుకునే పని. ఎవరూ చూపించలేదు దీన్ని. నేనే నోటీసు బోర్డు మీద చదివి, దరఖాస్తు అడిగి తెచ్చుకున్నాను. మూడు వారాలైంది."

"ఎప్పటిలోగా ఇవ్వాలి?"

"ఈ వేళ అయిదింటిలోగా."

"ఈ వేళా! మరి ఇంతవరకూ..."

"జీతం తక్కువ. పర్మనెంటు కాదు. అక్కకి చెప్తే నెత్తీ నోరూ బాదుకుంటుంది. పైగా ఇక్కడ చూడండి, 'ఈ పనిలో మీకు గల అనుభవం.' ఆ ఒక్కటే నింపలేదు. ఏం రాయను? మెమో వచ్చిందని రాయనా?"

"అదే రాయండి. తేదీతో సహా. చెవి మిషను, తొమ్మిది రోజులు, రెండు బస్సులు, మూడో అంతస్తు. అంకెలు తప్పకుండా వేయండి. అంకెలుంటే నమ్ముతారు."

"రాయమంటారా?"

"నేనెవరిని అనడానికి? నా గొడుగు కోసం వచ్చాను నేను."

"...రాస్తున్నాను. ఉండండి, మెమో తేదీ చూసుకోవాలి."

"తొందర లేదు. ప్యూను రావడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి."

"ఏమ్మా, హెడ్డాఫీసు కాగితం రెడీయా?"

"రెడీ ప్యూనుగారూ. పట్టుకెళ్ళండి."

"ఇదేంటమ్మా? 'అంగీకరించుటలేదు' అని రాశారు! సరిగ్గా చూసుకున్నారా?"

"చూసుకున్నాను. మీరు వెళ్ళండి, బయట చినుకులు పడుతున్నాయి."

"బాగుంది. అయ్యగారు చూస్తే మిమ్మల్ని తిడతారు, నాకేం!"

"వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరుగారూ, దరఖాస్తయితే నింపాను. ఆసుపత్రివాళ్ళు నన్ను తీసుకోకపోతే?"

"మీ కుర్చీ ఇక్కడే ఉంటుంది."

"తీసుకుంటే?"

"తీసుకుంటే... శుక్రవారాలు ఈ కిటికీలో ఇంకెవరో ఉంటారు. నాకేమీ ఇబ్బంది లేదు. ఇంట్లో చాలా పనులున్నాయి. గడియారం బాగు చేయించాలి. మూడేళ్ళుగా ఆగి ఉంది."

"ఇన్‌స్పెక్టరుగారూ."

"ఊఁ."

"ఒక మాట చెప్పాలి. నేను వెళ్ళిపోతే కొత్తవాళ్ళు బీరువా సర్దుతారు. వాళ్ళ నోట మీరు వినకూడదు. మీ గొడుగు... మొదటి వారమే వచ్చిందండీ. ఇదిగో. మీరు చెప్పినవన్నీ సరిపోయాయి, రాగి తీగతో సహా. ఆ వేళ ఇచ్చేద్దామనే తీశాను. ఇచ్చేస్తే మళ్ళీ రారు కదా అనిపించింది. తరవాత ప్రతి వారం... నన్నేమైనా అనండి. ఫిర్యాదు రాయండి, కాగితం ఇస్తాను."

"ముప్పై నాలుగు అంగుళాలు. కొలవనక్కరలేదు, నాదే."

"తీసుకోండి."

"వాన పెరుగుతోంది. ఆసుపత్రికి ఎంత దూరం?"

"రెండు వీధులు."

"అయితే నువ్వు పట్టుకెళ్ళమ్మా. దరఖాస్తు తడవకూడదు. వచ్చే శుక్రవారం తెచ్చివ్వు. మా ఇల్లు ఎక్కడో మీ రిజిస్టరులోనే ఉంది."

"ఒక్క మాట కూడా అనరేం? పదకొండు వారాలు అబద్ధం చెప్పానండీ. మీకు కోపం రాలేదా?"

"మీ బీరువా తలుపు సరిగా పడదు తల్లీ. రెండో వారమే చూశాను."