గాజులు చెప్పిన సంగతి

ఆళ్లగడ్డ, 1955. బడి వదిలాక వరండాలో ఇద్దరు మిగిలారు: ఐదో తరగతి టీచరు లూదియా, ఉమ అనే పిల్ల నాయనమ్మ రామలక్ష్మమ్మ.

“ఆ కాగితం చింపమంటాండా.”

“చింపను రామలక్ష్మమ్మా. మీ మనవరాలు బాగా రాసింది.”

“ఏం బాగు? పాఠాలు చెప్పమంటే ఇండ్లల్లో సంగతులు రాయిస్తావా? నంద్యాల నుంచి దిగింది ఇందుకేనా నువ్వు?”

“నేను రాయమనింది చప్పుళ్ళ మాటలు. ఏ మాట ఏ చప్పుడులోంచి పుట్టిందో, దాన్ని యాడ విన్నారో రాయమన్నా. అందరూ రాసినారు. శాంతయ్య కొడుకు ‘టకటక’ రాసినాడు, జట్కా గుర్రమంట.”

“గుర్రాలు రాయించుకో, గాడిదలు రాయించుకో. మా యింటి జోలికి రావద్దు.”

“ఉమ గూడా ముందు కప్పల్నే రాసింది. బెకబెక. చిటపట, తిరగవాత. కిర్రు, గానుగ. ఆ తర్వాత...”

“చదవద్దు.”

“‘చెళ్ళు. మా వంటింట్లో విన్నా, చెంప మీద. చెళ్ళుమన్నప్పుడల్లా గాజులు గలగలమంటాయి.’”

“మెల్లిగ! ఆ పక్క మనుషులుండారు. రాత్రి అది రాస్తా రాస్తా బయటికి చదివింది. నాకు గుండె గుబేలుమనింది.”

“కొడుకు పెండ్లాన్ని కొడతాంటే గుబేలు అనలేదా? పిల్ల రాస్తేనే అనిందా?”

“నా కొడుకు చెయ్యెత్తడు.”

“అందరు తల్లులూ అనే మాటే.”

“ఏయ్, వాని మాటెత్తద్దు! పొద్దున చేనికి పోతే మాపటికొస్తాడు. వానికేం తెల్దు.”

“తెలీకుండానే కొడతాండాడా?”

“నువ్వొక టీచరువి! రేపు ఇన్స్పెక్టరొస్తే ఈ కాగితాలు గోడకు తగిలిస్తావంట. నా కోడలొస్తానంటాంది చూసేకి.”

“రానీ. ఆయమ్మకు నేనే చదివి వినిపిస్తా. తన పక్క నిలబడే మనిషి ఒకరుందని తెల్సుకోనీ.”

“వద్దు. వద్దు టీచరమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఇప్పుడు కాళ్ళా? ఇంతసేపూ అరిస్తివే!”

“చప్పుళ్ళన్నీ తెల్సునంటివి గదా. ఆ గాజులు ఎవరివి?”

“మీ కోడలివి. దెబ్బ తింటే చెయ్యి అడ్డం పెట్టుకోదా మనిషి? గలగలమనవా?”

“నా కొడుకు చేతికి గాజులుండాయా?”

“ఏందా మాట?”

“ఇదో, నా చేతులు చూడు. మొగుడు పోయి పదేండ్లు. గాజులుండాయా?”

“...లేవు.”

“మా యింట్లో గాజులుండే పెద్ద చెయ్యి ఒకటే. కొట్టేది ఆ చెయ్యే.”

“అంటే... దెబ్బ తినే ఆ చెంప మీదేనా?”

“నాదే. నాది పాతబడిన చెంప, నాకేం గాదు. చింపు తల్లీ. రేపు ఇది నా కోడలు చదివిందంటే, ఆ చెళ్ళు ఉమ చెంప మీద వినపడతాది.”