గంగాధరం తలనూనె

అట్లా వల కుట్టుకుంటూ కూర్చుంటే నేనెట్లా చెప్పేది గంగాధరం అన్నా? ఒక తిట్టన్నా తిట్టు. పొద్దున్నే కోట నుంచి రెండు బస్సులు మారి వచ్చినా.

సరే, తలెత్తొద్దులే. నేనే చెప్తా.

మా సర్వే పని ఈ ఏడు వేరే పడవకిచ్చినారు గదా. నిన్నెందుకు తీసేసినారో ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో నువ్వేదో కాజేసినావని అనుకుంటున్నారంట, అంకాలమ్మ వదిన ఫోన్లో ఏడ్చింది. నువ్వేం కాజేయలేదు. నేనే ఒక మాట అన్నా.

మొదటి నుంచి చెప్తా. మధ్యలో మొదలుపెడితే పారిపోతా, నా సంగతి నాకు తెలుసు.

దీవిలో మంచినీళ్ళ బోరు వేసినప్పుడు లోతున నల్లరాయి తగిలింది గదా. ఆ ముక్కలు నీ పడవలోనే తెచ్చుకుంటిమి. ఆ రాయి ఎన్నేళ్ళదో తేల్చాల, నా పీహెచ్‌డీ అంతా అదే. రాయిని నానబెట్టి సన్న జల్లెడలో కడిగితే ఇసుక రేణువంత గుల్లలు మిగులుతాయి. ఏ కాలంలో ఏ గుల్ల బతికిందో పుస్తకాల్లో ఉంది. గుల్లను పోల్చుకుంటే రాయి వయసు తెలుస్తుంది. ఇంకో దారేమో, రాయిలో ఇంకిపోయిన పాతకాలపు జీవుల కొవ్వును పరీక్ష చేయడం. దానికి ముక్కలు పెద్ద ల్యాబుకు పంపుతాం.

నాకు గుల్లలు దొరికినాయి, పదకొండు. అది మంచినీళ్ళ మడుగులో బురద గట్టిపడిన రాయని అందరూ అనుకుంటుంటే, నాకు సముద్రపు గుల్లలు దొరికినాయి. పది కోట్ల ఏళ్ళ కిందటే ఇక్కడ సముద్రం ఉందని ఈ భానుప్రియ కనిపెట్టింది. ఇంట్లో మైసూరుపాకు పంచినారు. మా నాయన కొడవలూరు చుట్టాలందరికీ ఫోన్లు చేసినాడు. పాపం ఆయనకేం తెలుసు, నాకే తెలియలేదు.

మా జయరామయ్య సారు ఆ గుల్లలకు గులాబి రంగు మందు వేయించినారు. లోపల కండ ఉంటేనే ఆ రంగు పడుతుంది. పదకొండులో తొమ్మిది గులాబి రంగుకు తిరిగినాయి. పది కోట్ల ఏళ్ళ ముసలివి, నేను పట్టుకునే రోజు దాకా నిక్షేపంగా బతికున్నాయన్నమాట.

ఇప్పటి గుల్లలన్నా అవి. మన పులికాటు సరస్సువి. నేను జల్లెడ కడిగిన నీళ్ళలోవి.

అదే వారం కొవ్వు పరీక్ష రిపోర్టు కూడా వచ్చింది. మీ రాతిముక్కలో కొబ్బరినూనె ఉంది అని రాసినారు. డిపార్ట్‌మెంటంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వినా, నవ్వకపోతే బాగుండదని.

ముక్కలు ఎవరు ముట్టుకున్నారు, జల్లెడ ఎవరు కడిగినారు అని సారు అడిగినారు. 'పడవ గంగాధరం సార్. తలకు నూనె దట్టంగా పెట్టుకుంటాడు, ఎంత చెప్పినా వినడు' అన్నా. అంతే, మరుసటి నెల నీ పని పోయింది.

సారు నిన్నెప్పుడూ చూడలేదు కాబట్టి సరిపోయింది. నూనె పెట్టేదానికి నీ నెత్తిన ఒక్క వెంట్రుకన్నా ఉందా? అబద్ధం ఆడేటప్పుడన్నా బుర్ర వాడొద్దా నేను? ఇదిగో, ఈ జడ చూడు. రోజూ మా అమ్మ పావు సీసా కుమ్మరిస్తుంది. ఆ చేతులతోనే ముక్కలు ఏరినా. చెమట పడుతుందని గ్లవ్స్ సంచిలోనే పెట్టుకున్నా.

ఆ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నేను తెచ్చిన నీళ్ళు అయిపోయినాయి. ముక్కలు అక్కడే కడిగేస్తే బరువు తగ్గుతుందని జల్లెడను పడవ పక్క నుంచి ముంచబోయినా. నువ్వు నీ తాగేనీళ్ళ క్యాను ముందుకు తోసినావు. 'ఈ నీళ్ళు వద్దు మేడమ్మా, పిండి మాదిరి గుల్లలుంటాయి, వల ఆరితే తెల్లగా రాలతాయి. వీటితో కడుగు' అన్నావు.

నేనేమన్నా? 'గుల్లల గురించి నాకే చెప్తావా అన్నా' అని నవ్వినా. ఎండలో నీకు తాగేదానికి ఉండవని కూడా అనిపించింది. అది నిజమే కానీ, ఇప్పుడు చెప్తే సాకు మాదిరి ఉంటుంది.

సారుకు ఉత్తరం రాసినా. జల్లెడ కడిగింది నేనే, నూనె నాదే, గంగాధరం వద్దని చెప్పినా నేనే వినలేదు అని. రాసి పది రోజులయింది, ఫోన్లోనే ఉంది. పంపితే నా మూడేళ్ళ పని చెత్తబుట్టలోకి పోతుంది, నన్నూ పొమ్మంటారేమో. ఇంతకుముందు రెండుసార్లు మీ ఊరి బస్టాపు దాకా వచ్చి వెనక్కి పోయినా. నీ ముందయితే పంపుతానని వచ్చినా. సిగ్గు లేని ధైర్యం, ఏం చేసేది.

ఏందన్నా, వల పక్కన పెట్టినావు? పోతున్నావా?

క్యాను ఎందుకు? వద్దులే. గొంతు ఎండిపోయింది నిజమే కానీ, ఏ మొహం పెట్టుకుని తాగేది.

ఆగు. ముందు ఇది నొక్కనీ.

పోయింది. ఆ రాయి ఎన్నేళ్ళదో నాకు తెలియదన్నా. ఇటియ్యి, తాగుతా.